పొడి చేతులు

నా బుజ్జి తండ్రీ,

అమ్మ నిన్ను దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ పిన్నీ ప్రభువు దయవల్ల తిరుగుతున్నాం, పనికి పోతున్నాం. క్షేమం అన్న మాట రాద్దామని మొదలుపెట్టి ఆగిపోయాను. మీ అక్క లేని ఇంట్లోంచి ఆ మాట ఎలా రాయాలో నాకు చేతకావడం లేదు. ప్రాణాలతో ఉన్నామని చదువుకో. నువ్వు అక్కడ ఒంట్లో బాగానే ఉన్నావని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. మీ పిన్ని చేత చదివించుకుందామంటే అది సగం చదివి, సగం ఏడ్చి, అక్షరాలన్నీ అలికేసింది. చివరికి నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అడిగినవన్నీ చెబుతాను. తప్పులుంటే దిద్దుకో, నా చదువెంతో నీకు తెలియంది కాదు.

మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగలేదు. ఇంట్లో అద్దెకున్న మనిషిలాగా దాని పాటికి అది ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే పని కదా, ఎక్కడికి పోతుంది.

నీకు సంఘంలో బోధ చేసే పని అప్పగించే రోజు వేసుకోవలసిన తెల్ల అంగీ కుట్టించాను. దర్జీ నీ పాత కొలతలే పెట్టుకుని కుట్టాడు. "బైబిలు బడికి పోయాక పిల్లాడు పెరిగి ఉండడా?" అని అడిగితే, "జ్ఞానంలో పెరుగుతాడు గానీ భుజాల్లో పెరుగుతాడా పెద్దమ్మా" అన్నాడు. అయినా నేను ఊరుకోలేదు, కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదిలించాను. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పెట్టెలో ఉంచాను. లాండ్రీలో ఊరందరి దుప్పట్లూ ఇస్త్రీ చేసే దాన్ని, నీ అంగీకి మాత్రం మడత మడతకీ ఆగి చూసుకున్నాను.

అక్క చెప్పే ఆదివారం బడి ఇప్పుడు ఎవరు చెబుతున్నారని అడిగావు. మీ పిన్నే. అది నోవహు కథ చెబుతుంటే ఓడలో జంతువులు కూడా భయపడి దిగిపోయేలా ఉంటుంది. మొన్న అక్క కుర్చీలో కూర్చోబోతే, ముందు వరసలో ఉండే పళ్ళూడిన పిల్ల లేదూ, అది "అది మా టీచరమ్మది, నువ్వు నిలబడి చెప్పు" అందట. మీ పిన్ని ఎవరి మాటా పడని మనిషి. అలాంటిది ఆ పూటంతా నిలబడే చెప్పింది. ఇంటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. "అన్నయ్య చదువు ముగించుకుని వస్తాడు, మీకు పాఠం చెబుతాడు" అని పిల్లలకి చెప్పి ఉంచాం. వాళ్ళు ఎదురుచూస్తున్నారు నాన్నా.

ఇక నువ్వు అడిగిన పెద్ద మాట. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది.

బోధ అప్పగించే ముందు, నీ తల మీద చేతులుంచి ప్రార్థన చేసే ముందు, పెద్దలు ఇంటివాళ్ళని నిలబెట్టి అడుగుతారు కదా, "ఈ బిడ్డ పుట్టిన ఇంట్లో ఎవరి మీదైనా పగ మిగిలి ఉందా?" అని. మీ నాన్న లేరు కాబట్టి జవాబు నేనే చెప్పాలి. అందరూ "లేదు" అంటారు. మన సంఘంలో ఒకసారి ఒక తండ్రి "లేదు" అనబోయి మింగేసి, అందరూ చూస్తుండగానే వెళ్ళి వెనక వరసలో ఉన్న తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు మీ అక్క నా చెవిలో, "చూశావా అమ్మా, ఇదీ పండగంటే" అంది. అది అన్నీ అలాగే చూసేది.

"లాండ్రీలో ఆ మెకానిక్కుని నేను క్షమించేశానమ్మా, నువ్వు కూడా క్షమించావా?" అని రాశావు. నువ్వు క్షమించావంటే సంతోషం. నువ్వు తమ్ముడివి. నేను కన్నదాన్ని.

ఉతికే మిషను కరెంటు వైరు తోలు ఊడిందని అతనికి తెలుసు. టేపు చుట్టి, "రేపొచ్చి మారుస్తా" అని పోయాడు. ఆ రేపు పొద్దున్నే మీ అక్క తడి చేతులతో ఆ మిషను తలుపు పట్టుకుంది. నేను ఇస్త్రీ బల్ల దగ్గరున్నాను. మిగతాది అక్క చావుకి నువ్వు వచ్చినప్పుడు విన్నావు, మళ్ళీ రాయను. ఆ మనిషి ఏడ్చాడు, ఒప్పుకున్నాడు, పాస్టరు అయ్యగారి ముందు మోకరించాడు. ప్రతి ఆదివారం గుడికొచ్చి వెనక్కాల గోడకి ఆనుకుని నిలబడతాడు, కూర్చోడు. నాకు అన్నీ కనబడతాయి. కనబడినా నా లోపల ఏదీ కదలదు.

నీకు చెప్పకూడదనుకున్నది ఒకటుంది. చెప్పకుండా నీ అంగీ నీ చేతికివ్వలేను.

అక్క పోయాక లాండ్రీలో కొత్త కట్టడి పెట్టారు. మిషను బాగు చేసేటప్పుడు మెయిను పిడి కిందికి దించి కరెంటు ఆపి, పని అయ్యేదాకా ఒక మనిషి ఆ పిడి మీద చెయ్యి వేసి నిలబడాలి. ఆ మనిషి చేతులు పొడిగా ఉండాలి. పోయిన వారం పెద్ద మిషను ఆగిపోయింది. అతన్నే పిలిచారు. రోజూ మెయిను దగ్గర నిలబడేవాడు ఆ పూట రాలేదు. సూపర్వైజరు హడావిడి మనిషి, "పొడి చేతులు ఎవరివి?" అని కేకేశాడు. హాల్లో అందరివీ తడి చేతులే. ఇస్త్రీ దాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ నా వైపు చూడలేదు, చూడకుండా ఉండటం కోసం అందరూ ఎక్కడెక్కడో చూశారు.

"నావి" అన్నాను.

"నువ్వొద్దులే పెద్దమ్మా. ఎవరైనా చేతులు తుడుచుకుని రండి."

"ఏం, నా చేతులకేం తెగులు?" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. వెళ్ళి మెయిను దించి పిడి పట్టుకున్నాను. అతను అప్పటికే మిషను కింద దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. చెప్పుల్లో ఒకదానికి తాడు కట్టుకున్నాడు.

"మెయిను దించారా?" అని లోపల్నించి అడిగాడు.

"దించాను."

నా గొంతు విన్నాక అతని కాళ్ళు కదలడం ఆగిపోయింది. లేచి వచ్చేస్తాడనుకున్నాను. రాలేదు. తర్వాత మెల్లగా స్క్రూ తిప్పుతున్న చప్పుడు వినబడింది.

అప్పుడు ఆ ఆలోచన వచ్చింది నాన్నా. పిడి జానెడు పైకి లేపితే చాలు అని. సైతాను చెవిలో ఊదాడని చెప్పుకుంటే నాకు తేలిక. కానీ అది నా గొంతుతోనే వచ్చింది, నిన్ను అన్నానికి పిలిచే ఈ గొంతుతోనే. అతనికీ ఒక తల్లి ఉందన్న మాట కూడా నాకు అప్పుడు తట్టలేదు. ప్రార్థన రాలేదు, వాక్యం రాలేదు. "కిందికి, కిందికి" అని నా చేతికి నేనే చెప్పుకుంటూ, రెండో చెయ్యి కూడా వేసి, ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కి పట్టుకున్నాను. పని అయిపోయిందని చెప్పినా వేళ్ళు విడిరాలేదు. పక్కనున్న ఆడమనిషి ఒక్కొక్క వేలూ విడదీసింది.

అతను చేతులు తుడుచుకుంటూ నా ముందుకొచ్చాడు.

"గొంతు గుర్తుపట్టావు కదా. మరి మిషన్లో చెయ్యెందుకు పెట్టావు?" అన్నాను.

"నువ్వేం చేసినా నీకు హక్కుందనుకున్నానక్కా."

"హక్కూ లేదు, గిక్కూ లేదు. పోయి మిషను తిప్పి చూసుకో. ఈసారైనా సరిగ్గా చూడు."

అక్క పోయాక నేను అతని ముఖం చూసి మాట్లాడిన మొదటి మాట అదే, నువ్వు అడిగిన క్షమాపణ నా దగ్గర అంతవరకే ఉంది.

ఇప్పుడు నన్ను నిలబెట్టి పగ ఉందా అంటే, లేదని ఎలా చెప్పను? మరక ఉన్న బట్ట మీద వేడి ఇస్త్రీ పెట్టె పెడితే ఆ మరక దారంలోకి దిగిపోతుంది, ఇక ఎన్ని ఉతుకులకీ వదలదు. ఆ అబద్ధం చెప్పి నిన్ను పరిశుద్ధమైన పనికి పంపలేను. మొన్న అయ్యగారికి అంతా చెప్పేశాను. "అదే చెప్పమ్మా అక్కడ. పగ ఉంది, నొక్కి పట్టుకుని ఉన్నాను అని చెప్పు. పెద్దలు ఒప్పుకుంటారో, వచ్చే ఏడాదికి ఆపుతారో నేను మాటివ్వలేను" అన్నారు.

నేను అదే చెబుతాను. ఆపితే నా వల్లే ఆగినట్టు. పిల్లలకి నేనే చెప్పుకుంటాను, అన్నయ్య ఇంకా కొన్నాళ్ళకి వస్తాడని. నువ్వు నన్ను తప్పు పట్టినా పడతాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. రేపు నువ్వు ఎప్పుడు బోధకి నిలబడ్డా, బిడ్డ పోయిన తల్లి ఎదురుగా కూర్చుని ఉంటే, క్షమించు అన్న మాట తొందరగా అనకు. ఆ తల్లి చేతులు ఎక్కడున్నాయో ముందు చూడు.

మీ బడి వంటామె కబురు పంపింది, నువ్వు పళ్ళెం తిప్పి పంపుతున్నావట. అమ్మ మనసు మారేదాకా ఉపవాసం అన్నావట. నా మనసు మార్చడం ప్రభువు పని, దానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకే తెలియదు. నా పగకి నీ కడుపు పూచీ కాదు. ఒక బిడ్డని మట్టికిచ్చి వచ్చాను, ఇంకో బిడ్డ ఆకలితో పడుకున్నాడని తెలిస్తే నేను ఏ పిడీ పట్టుకోలేను. వేళకి కూర్చుని కడుపు నిండా తిను నాన్నా.

ఇట్లు,
నీ అమ్మ