నేల మీద గీసిన లెక్క

1957 జూన్, మంగళవారం రాత్రి. బేతంచెర్ల.

కాలేజీ సీటుకు ఇంటర్వ్యూ అంటే మా కొడుకు మోహన్‌ను కర్నూలుకు పిల్చుకపోయినా. వాడు హాస్టల్లో ఉండి మిషన్ స్కూల్లో చదివినోడు. రాళ్లు కొట్టే సుంకన్న కొడుకు మద్దిలేటి కూడా వచ్చినాడు. వానిది ఊళ్లో బోర్డు స్కూలే. ఆడ పిల్లోల్లు కింద పరిచిన నల్ల నాపరాళ్ల మీదే సుద్దతో లెక్కలు చేస్తారు.

వరండాలో నిలబడి చూస్తాండా. మోహన్ నల్లబల్ల మీద చక్కగా చేసినాడు. మద్దిలేటికి సుద్ద ఇస్తే, బల్ల దిక్కే చూడకుండా నేల మీద కూర్చుని త్రికోణం గీసినాడు. నాకు నవ్వొచ్చింది. అంతలో ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచి వంగి చూడబట్టినాడు. గీత మీద గీత, గది సగం నిండింది.

"ఇంకో రకంగా కూడా చేయొచ్చు సార్, కాళ్లు రోంత తీయండి," అన్నాడు వాడు. అంత పెద్దాయన వెనక్కి జరిగినాడు.

ఇద్దరికీ సీటొచ్చింది. రైల్లో వస్తాంటే, మిషన్ స్కూలుకు ఆ ఫీజులన్నీ దేనికి కట్టినట్టో అని నాకు...

ఇప్పుడు చూస్తే మోహన్ మా నడవలో సుద్దముక్కతో కింద కూర్చోనుండాడు. మా ఇంట్లో పరిచిందీ ఆ నాపరాయే. ఇన్నేండ్లూ తొక్కి నడిచినాము. అది పలకయితాదని నాకెన్నడూ తట్టలే.