గొళ్ళెం తీసిన చెయ్యి

చిట్టితల్లీ,

ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా జవాబు చెప్పు. బైబిల్లో ఒళ్ళు కుళ్ళిన పదిమంది ప్రభువు మాటతో ఒకేసారి బాగుపడి ఇంటిదారి పట్టారే, వాళ్ళలో వెనక్కి తిరిగొచ్చి దండం పెట్టినవాడు ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది ఎక్కడ? పాస్టరుగా ఇన్నేళ్ళూ నేను వేలెత్తి జనాన్ని అడిగిన ప్రశ్న ఇది. ఇవాళ ఆ వేలు మన గుమ్మం వైపు తిరిగింది. మన ఇల్లు ఆ తొమ్మిదిమందిలో ఉందా, తిరిగొచ్చినవాడి పక్కన ఉందా?

ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకెళ్ళి పొట్టన పెట్టుకున్నవాడు పోయాడు. జైల్లో నిద్రలోనే గుండె ఆగిందట. నువ్వూ వినే ఉంటావు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే పెట్టేస్తావని కాయితం పట్టుకున్నాను. మన చర్చి సంఘంలో లారీ తోలే అతను సరుకు దించడానికి మీ ఊరే వస్తున్నాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

ఊరిని చూడాలి తల్లీ! ఆటోలవాళ్ళు వరసకట్టి హారన్లు మోగిస్తూ తిరుగుతున్నారు. టీ కొట్టతను పొద్దుటినుంచీ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవడం లేదు. కూడలిలో వాడి ఫోటో అంటించి, చిన్నపిల్లల చేత కూడా చెప్పులతో కొట్టిస్తున్నారు. అప్పట్లో వాణ్ణి జీపెక్కించిన ఇన్స్పెక్టర్ రిటైరై ఇంట్లో కూర్చుంటే, ఆయన్ని బనీను మీదే బయటికి లాక్కొచ్చి దండ వేశారు. "ఇంత హాయిగా నిద్రలో పోతాడా వెధవ" అని తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటున్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ ఇళ్ళవాళ్ళని నేనేమీ అనను. వాళ్ళు నవ్వినా హక్కే, ఏడ్చినా హక్కే. నేననేది పెళ్ళికొచ్చినట్టు వచ్చిన మిగతా ఊరి గురించి.

బట్టలషాపు ఆసామి తన గేటు ఎంతవరకూ వచ్చిందో చూసుకుందామని నా వెల్డింగు కొట్టుకొచ్చాడు. "అయ్యగారూ, ఇక మీ గిరాకీ పడిపోయినట్టే. వాడి భయానికేగా ఊరంతా మీ చేత గ్రిల్స్ పెట్టించుకుంది" అన్నాడు.

"భయం వాడితో పోతుందా బాబూ? అది నీ లోపల అద్దెకుంటోంది" అన్నాను.

"అదంతా సరేగానీ, ఆదివారం మీ ప్రసంగం దద్దరిల్లిపోవాలి. నరకంలో వాణ్ణి ఏ మూల వేయిస్తున్నారో కళ్ళకి కట్టాలి."

"ఆ పొయ్యి దగ్గర నాకు డ్యూటీ వెయ్యలేదు."

అతను పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నాలుగు సందుల అవతల, ఇస్త్రీ బల్ల ఉన్న ఆ ఒంటిగది ముందు జనం మూగి ఉన్నారు. వాడి తల్లి ఏడుస్తుందో లేదో చూడ్డానికి. ఏడిస్తే, చూశారా వెనకేసుకొస్తోంది అంటారు. ఏడవకపోతే, గుండె కాదు బండరాయి అంటారు. ఆమె తలుపు బిగించుకుని లోపల కూర్చుంది. శవం పెద్దాసుపత్రిలో ఉంది. ఎల్లుండి పొద్దుటిలోగా సొంతవాళ్ళెవరూ వచ్చి సంతకం పెట్టకపోతే వాళ్ళే ఎక్కడో పూడ్చేస్తారట. ఆ చోటు ఎక్కడో కూడా చెప్పరట.

నిన్ను ఆ ఇంట్లో బంధించిన మధ్యాహ్నం వాడు స్నానానికి వెళ్ళినప్పుడు పెరటి తలుపు గొళ్ళెం తీసి నిన్ను బయటికి పంపింది ఆమె. తర్వాత తనే నడిచి స్టేషన్‌కి వెళ్ళి కన్నకొడుకు పేరు చెప్పింది. ఇది కోర్టు కాయితాల్లో ఉంది, ఊరి నోట్లో లేదు. దండ ఇన్స్పెక్టర్‌కి, మట్టి ఆమెకి.

ఆమె ఊసు ఎత్తననీ, ఆ గడప తొక్కననీ నువ్వు నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఆ సందులో గేటు పని వచ్చినా వద్దన్నాను. కానీ రోజూ మోకాళ్ళ మీద కూర్చోగానే నా మొదటి మాట ఒకటే: గొళ్ళెం తీసిన చేతికి వందనాలు. పైవాడికి చెప్పాను, ఆమెకి చెప్పలేకపోయాను. నన్ను ఆ ఒట్టు నుంచి వదులు తల్లీ. నీ మనసు నొస్తుందంటే మాత్రం కదలను, నోరు మూసుకుని కూర్చుంటాను. మీ అమ్మ నవ్వుతోంది. మొదటిదైతే నమ్ముతుందట, రెండోది నా వల్ల కాదట.

నీ అడుగుల చప్పుడుకి ఇప్పటికీ లేచి కూర్చునే
మీ నాన్న

*

నాన్నా,

ముందు నీ ప్రశ్నకి జవాబు. మన ఇల్లు ఆ తొమ్మిదిమందిలో లేదు. కంగారుపడకు.

ఒట్టు ఎందుకు వేయించుకున్నానో ఇప్పుడు చెప్తాను, కోప్పడకు. నువ్వు ఊరుకోవు నాన్నా. ఆమెని చెయ్యి పట్టి తీసుకొచ్చి మైకు ముందు నిలబెడతావు. నీ మంచితనం కొద్దీ నిలబెడతావు. మర్నాటికి జనం ఆమె తలుపు పీకేస్తారు. అప్పటి ఊరు అలా ఉంది. అందుకని నీ నోటికి తాళం వేశాను. నా చేతులకి వేసుకోలేదు.

పెళ్ళయి ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ నా బట్టలూ, ఈయన చొక్కాలూ ఇస్త్రీకి ఆమె దగ్గరికే వెళ్తున్నాయి. లారీ అన్నే మూట తీసుకెళ్తాడు, లారీ అన్నే తెస్తాడు. నీ సంఘంలో నోరు కదపని మనిషి ఒకడున్నాడని నీకు ఇవాళే తెలిసిందిగా! ఊళ్ళో ఒక్కరూ బట్టలు వెయ్యకపోతే ఆమె ఎలా బతికిందనుకున్నావు? మొదటి మూట తిరిగొచ్చినప్పుడు విప్పి చూస్తే, నా పాత జాకెట్టుకి ఊడిపోయిన హుక్కు కుట్టి ఉంది. నేను కుట్టమనలేదు. అది పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో.

కోర్టులో కూడా చెప్పని మాట ఒకటుంది. గొళ్ళెం తీసి ఆమె, "పరిగెత్తకమ్మా, చెప్పులు చేత్తో పట్టుకుని నడువు" అంది. మీరూ వచ్చెయ్యండి అన్నాను. "నేను కనబడకపోతే వాడు బయటికొస్తాడు" అని మళ్ళీ లోపలికే వెళ్ళింది. ఇస్త్రీపెట్టె బల్ల మీద టకటకా కొడుతూ, స్నానం చేసొచ్చిన కొడుకుతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. సందు మలుపు దాటేదాకా ఆ చప్పుడు నాకు వినబడింది. ఆ మధ్యాహ్నం దాకా తనకేమీ తెలియదంటే ఊరు నమ్మలేదు. నేను నమ్మాను. ఆ కళ్ళు చూసినదాన్ని నేను.

వాణ్ణి క్షమించావా అని మాత్రం అడగకు. ఆ మాట నా నోట్లో లేదు, నీ పుస్తకం తెరిచి నా చేత అనిపించకు. వాడు పోయాడని విన్నాకే, ఇన్నాళ్ళకి కడుపునిండా తిన్నాను. కానీ ఆమెకి కావలసింది నీ ప్రసంగం కాదు, శవపెట్టె మోసే నలుగురు. నువ్వొకడివి. లారీ అన్న. ఈయన్ని అడిగాను, చొక్కా వేసుకుంటున్నారు. నాలుగో భుజం నాది. వాడి కోసం కాదు, నా కోసం ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి కోసం.

ఈ ఉత్తరం మాతోపాటే లారీలో వస్తోంది. నీ చేతికి నేనే ఇస్తాను. ఎదురుగా చెప్పబోతే మధ్యలో అడ్డొస్తావని రాశాను. నేను ఆమెని మనసులో పెద్దమ్మా అనుకుంటాను. నువ్వేం వరస పిలవాలో చూసుకో.

నీ నోరే వచ్చిందని అమ్మ తిట్టే
నీ కూతురు

*

వదినగారూ,

మా అమ్మాయికి పెద్దమ్మ అయితే మీరు నాకు వదినే. తలుపు కొడితే మీరు తియ్యరు, ఈ ఊరికి తియ్యక్కర్లేదు కూడా. అందుకని ఈ కాయితం తలుపు కిందనుంచి తోస్తున్నాను. ఇస్త్రీ బల్ల మీద పరిచే పాత పేపర్లన్నీ మీరు చదివేస్తారని లారీ అతను చెప్పాడు.

జనానికి నేనేమీ చెప్పలేదు. మా అమ్మాయే చెప్పింది. దానిది నాలాంటి గొంతు కాదు. "నేను బతికి బయటపడింది ఈ ఇంటి పెరటి తలుపులోంచి. ఆ గొళ్ళెం తీసింది ఈవిడే" అంది. అంతే. హారన్లు ఆగాయి. బట్టలషాపు ఆసామి నన్ను తప్పించుకుని పక్కకి జరిగాడు. కొందరు తిట్టుకుంటూనే వెళ్ళారు, అబద్ధం చెప్పను. బిడ్డని పోగొట్టుకున్న ఒకావిడ మాత్రం మా అమ్మాయి చెంప నిమిరి వెళ్ళిపోయింది.

గేట్లు చేసేవాణ్ణి, లోపలి గొళ్ళెం బయటినుంచి ఊడదీయడం నాకు చిటికెలో పని. తియ్యను. అది మీ చేత్తోనే రావాలి. ప్రసంగమూ చెయ్యను. మా ఆవిడ వెనక నిలబడి నా చొక్కా పట్టుకునే ఉంది. ఒక్క మాట చెప్పనివ్వండి: మా పిల్ల నన్ను వెక్కిరిస్తుంది, మొగుడితో పోట్లాడుతుంది, మళ్ళీ అతనికే జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటుంది. ఇదంతా మీరిచ్చిందే. మా ఇంటిల్లిపాదీ వందనాలు.

మీరు ఏడవండి. మీ కడుపున పుట్టినవాడు. ఎవరికీ కనబడకుండా మేం అడ్డుగా నిలబడతాం.

ఆసుపత్రిలో సంతకం మీదే, భుజాలు మావి. నాలుగూ ఉన్నాయి. రేపు పొద్దుటికి ఆసుపత్రివాళ్ళు తీసుకుపోతారు, కాబట్టి మనకి రేపన్నది లేదు. లారీ ఇంజను ఆడుతూనే ఉంది. చెప్పులు కాళ్ళకే వేసుకోండి, చేత్తో పట్టుకోనక్కర్లేదు.

మీ గుమ్మం బయట,
మీ మరిది

లేవండి వదినగారూ. గొళ్ళెం తియ్యండి. ఇవాళే, ఇప్పుడే.