ఆయుధపూజకు కంప్యూటర్‌ను కడగొద్దు

ఏమప్పా ఓబులేషూ, ఆయుధపూజ అని పాత కంప్యూటర్ మీద నీళ్లు పొయ్యొద్దు. పోయినేడు మిక్సీకి స్నానం చేయించి చంపింది చాలు.

చెడిపోయిన హార్డ్ డిస్క్ పీకేసి దాని చోట మెమరీ కార్డు పెట్టాను, నెట్‌వర్క్ వైరు తగిలించాను. ఫ్లాపీల్లో మూలుగుతున్న మన యూనియన్ కరపత్రాలన్నీ ఆ పాత కంప్యూటర్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి పోతున్నాయి. నత్తనడక. నేను వచ్చేదాకా స్విచ్ ముట్టుకోవద్దు. రేపు పీణ్య ఫ్యాక్టరీల దగ్గర సభలో గోడ నిండా అవే అంటించాలి. షామియానా మాట్లాడడానికి పోతున్నాను.

బొట్టు పెట్టందే నీ చెయ్యి ఊరుకోదు, మానిటర్‌కు ఒక్కటి పెట్టుకో. గుమ్మడికాయ వీధిలో కొట్టు. చిత్రాన్నం చేసిపెట్టాను.

పుష్పావతి

నువ్వు రాసిన మొదటి కరపత్రం దొరికింది. నిండా తప్పులే. ఒక్కటీ దిద్దను, అట్లే అంటిస్తాను. అందులోని కోపం చూసే కదా నిన్ను చేసుకున్నాను.