మధ్యాహ్నం వాడిన ఆకులు

ఏప్రిల్ 18

నేను మేడ మీద స్పృహ తప్పి పడిపోయానని బిల్డింగంతా చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. కుండీల మీద గ్రీన్ నెట్ కడుతూ, కాస్త అలసట అనిపించి వంగమొక్కల పక్కన కూర్చున్నాను. కూర్చోవడం వేరు, పడిపోవడం వేరు. ముప్పై రెండేళ్ళు కాలేజీలో బోటనీ చెప్పినదాన్ని; ఆ మాత్రం తేడా తెలుసు.

ఏప్రిల్ 20

కబురు అక్క కూతురిదాకా చేరింది. ఇక ఒంటరిగా ఉన్నది చాలు పిన్నీ, మా దగ్గరికి వచ్చేయ్, ఇక్కడ బాల్కనీ కూడా ఉంది అంది. ఏ వైపు అని అడిగాను. పడమర అంది. పడమటి ఎండలో కుండీయే మాడిపోతుందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

బిల్డింగ్ సెక్రటరీగారు ఒకటో తేదీ నుంచి మేడకు తాళం వేయిస్తారట. నా మంచికేనట.

ఏప్రిల్ 21

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం గొంతు సవరించుకుని చూసుకున్నాను, పనిచేస్తోంది.

ఏప్రిల్ 23, మధ్యాహ్నం 3

నేను కునుకు తీసిన వేళ కింది ఇంటి టైలరమ్మ మేడెక్కి, తలలు వాల్చిన నా వంగకూ బీరకూ ట్యాంకులో మరిగిన నీళ్ళు చెరో బకెట్ పోసింది. మధ్యాహ్నం ఆకు వాలడం దాహం కాదు, ఒంట్లో నీరు దాచుకోవడం; సాయంత్రానికి అదే లేస్తుంది. కాలే మట్టిలో వేడినీళ్ళు పోస్తే వేళ్ళు ఉడికిపోతాయి. అదంతా విడమరిచి చెప్పి, గట్టిగానే చీవాట్లు పెట్టాను.

ఆమె నిదానంగా విన్నది. ఆ రోజు మీరూ అలాగే తల వాల్చేశారు కదా మేడమ్, సాయంత్రందాకా ఆగాల్సిందా అని అడిగింది.



ఏప్రిల్ 24, ఉదయం 5.40

బీర బతికింది. వంగ తల ఎత్తలేదు.

ఇక్కడైనా నిజం రాయాలి. ఆ రోజు నెట్‌కు మొదటి ముడి వేసేటప్పుడు నీడ కుండీలకు ఒక పక్కన ఉంది. కళ్ళు తెరిచేసరికి రెండో పక్కకు చేరింది. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. నా ముఖం మీద టైలరమ్మ తడికొంగు ఉంది. పదింటి తర్వాత మేడ ఎక్కవద్దని అందరికీ పాఠం చెప్పేదాన్ని నేనే.

ఏప్రిల్ 27

అడగకముందే నా దగ్గరున్న మేడ తాళంచెవి సెక్రటరీగారి చేతిలో పెట్టాను. అక్క కూతురికి రానని ఉత్తరం రాశాను. పద్నాలుగు కుండీలూ ఇంటికొకటి చొప్పున పంపకానికి సిద్ధం. ప్రతిదానికీ చీటీ కట్టాను: ఎండెక్కకముందే నీళ్ళు. వేలు రెండో కణుపుదాకా దించి, మట్టి పొడిగా ఉంటేనే. మొక్క మొదట్లో ఎండుటాకులు పరవండి. మధ్యాహ్నం వాడితే సాయంత్రందాకా ఆగండి.

బీరపాదు టైలరమ్మకు. దాని చీటీకి నా ఇంటి రెండో తాళంచెవి కట్టి, కింద ఒక వాక్యం అదనంగా రాశాను. ఆమెకింకా తెలియదు. ఆ వాక్యం ఇది:

నా విషయంలో సాయంత్రందాకా ఆగనక్కర్లేదు.