కణారన్ చదివిన పేపరు

కన్నూరు,
ఆదివారం, వాన.

చిరంజీవి పవిత్రన్‌కు,

మామయ్య కణారన్ అభివందనాలు. ఆశీస్సులు అని ఎందుకు రాయలేదో నీకు తెలుసు. మా పార్టీలో ఆశీర్వదించే అధికారం ఎవరికీ లేదు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ నేను క్షేమంగా లేను.

మా బీడీల షెడ్డులో నా పని ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని విన్నావు. నలభై మంది ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నేను ఎత్తుపీట మీద కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదవాలి. నా వంతు బీడీలు తలా కాసిని వాళ్లే చుట్టి ఇస్తారు. ఎమర్జెన్సీ వార్త చదివాను, గొంతు వణకలేదు. రష్యాలో ఎర్రజెండా దించేశారని చదివిన రోజున ఒక్కసారి మంచినీళ్లు తాగానంతే. మొన్న మంగళవారం మాత్రం ఒక్క వార్త దగ్గర ఆగిపోయాను.

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదని కోర్టువారు తీర్పు చెప్పారు. బస్సులో వద్దు, రోడ్డు మీద వద్దు, టీ కొట్టు దగ్గర వద్దు.

"బహిరంగ ప్రదేశాల్లో" అని మొదలుపెట్టి తలెత్తాను. ఎదురుగా కౌసు కూర్చుని ఉంది. దాని కూతురి నర్సు చదువు ఆ చేట మీదే నడుస్తోంది. తాగేవాడు లేకపోతే చుట్టేవాళ్లకు పనెక్కడిది? అప్పుడు నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "సిగరెట్లు తాగరాదు. బీడీ ఆకు అడవిలో పుట్టినది, పేదవాడి చేతి పని. కాబట్టి బీడీకి ఈ తీర్పు వర్తించదు" అని చదివేశాను! ఒక్క చెయ్యి కూడా ఆగలేదు. కేళు అయితే "కోర్టంటే ఇదిరా!" అని తొడ చరిచాడు.

నువ్వు ఎర్నాకుళంలో పోలీసువి. కోర్టుకు కూతవేటు దూరంలో ఉన్నావు. నేను చదివింది నిజమయ్యే దారి ఏదైనా ఉందేమో కనుక్కుని వెంటనే రాయి. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
మామయ్య కణారన్

తా.క.: ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్యి. ఇంట్లోనే కాల్చు. వీధిలో కాలిస్తే పొగ చూసి నిన్నే పట్టుకుంటారు.

*

ఎర్నాకుళం,
శుక్రవారం.

మామయ్యకు,

పవిత్రన్ నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. పేపరులో లేనిది చదవడమేమిటి మామయ్యా? ఒక్క అక్షరం మింగినా పాపమని నాకు నేర్పింది మీరే కదా!

బీడీ, సిగరెట్టు, చుట్ట, ఏదైనా ఒకటే. పొగకు పేదా గొప్పా ఉండదు. మా స్టేషన్లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక దళం వేశారు. అందులో నన్నూ వేశారు. మా ఇన్‌స్పెక్టరుగారు పొద్దున లేస్తూనే "ఎంతమందిని పట్టావ్?" అంటారు. నిన్న బస్టాండులో ఒక పెద్దాయన నన్ను చూసి కంగారులో వెలుగుతున్న బీడీని జేబులో వేసుకున్నాడు. పట్టుకోవడం మాని చొక్కా ఆర్పాల్సి వచ్చింది.

ఇంకోమాట చెబితే మీకు కోపం వస్తుంది. ఈ తీర్పు మంచిదేనని నాకనిపిస్తోంది. మా ఆవిడ రీజకు నాలుగో నెల. బస్సెక్కితే ముందు సీటువాడు బీడీ ముట్టించేవాడు, ఇది కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకునేది. ఇప్పుడు హాయిగా కూర్చుని వెళుతోంది. మీవాళ్ల తిండి సంగతి తలుచుకుంటే నాకూ బెంగగానే ఉంది. కానీ బెంగ ఉందని అబద్ధం చదువుతామా? రేపే నిజం చెప్పేయండి.

మీ మేనల్లుడు,
పవిత్రన్

తా.క.: నేనూ మానేశాను. ఈ వారంలో ఇది రెండోసారి.

*

కన్నూరు,
బుధవారం, ఇంకా వానే.

చిరంజీవి పవిత్రన్‌కు,

అభివందనాలు. రీజను జాగ్రత్తగా చూసుకో. బస్సు సంగతి నువ్వు రాసింది చదివాను. మీ అత్తయ్య బతికున్నన్నాళ్లూ నా బీడీకి దగ్గుతూనే ఉండేది. వాన వల్ల అనుకునేవాణ్ని.

నిజం చెప్పాలనే పీట ఎక్కాను. నమ్ము. "అందరికీ ఒక మాట" అన్నాను. అంతలో కౌసు "బీడీ గురించేనా అన్నా? ఇంకేమైనా మంచి వార్త వచ్చిందా?" అంది. ఆ మొహం చూసి నిజమెలా చెప్పనురా? "వచ్చింది" అన్నాను. అన్నాక ఏదో ఒకటి చదవాలి కదా. బీడీ పొగకు కొబ్బరిచెట్ల పురుగు చస్తుందని ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త కనిపెట్టాడని చదివాను. మర్నాడు ఆ శాస్త్రవేత్తకు బహుమతి ఇప్పించాను. నిన్న ఆయన కన్నూరు వస్తున్నాడని కూడా చదివేశాను. పులి మీద ఎక్కినట్టుంది నా పని. దిగడం చేతకావడం లేదు.

అసలు గండం ఇప్పుడు వచ్చింది. కేళు కంటి పరీక్షకని ఎర్నాకుళం బయలుదేరుతున్నాడు. "దారి పొడుగునా కాల్చుకుంటూ పోతా, అడ్డమొచ్చేదెవడో చూస్తా" అంటున్నాడు. ఆపబోయాను. "నువ్వే కదన్నా చదివింది!" అన్నాడు.

శుక్రవారం దిగుతాడు. చొక్కా కాలరుకు వెనకాల గొడుగు తగిలించుకుని తిరిగే మనిషి. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని మేడే ఊరేగింపు చూపించినవాడు. నీ కంటపడితే నీ కళ్లు నువ్వు మూసుకో.

ఇట్లు,
మామయ్య కణారన్

తా.క.: రీజకు అరటికాయ ఉప్పేరి కరకరలాడేలా వేయించి పంపిస్తున్నాను. రెండు పొట్లాలు. ఒకటి మీ ఇన్‌స్పెక్టరు కోసం, అవసరం పడితే.

*

ఎర్నాకుళం,
శనివారం.

మామయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం కంటే కేళు మామ ముందొచ్చాడు.

రైల్వే స్టేషను గుమ్మంలో మా దళం మొత్తం నిలబడి ఉంది. కేళు మామ సరిగ్గా మా ఎదురుగా ఆగి, బీడీ ముట్టించి, ఒకసారి గట్టిగా పీల్చి, మా ఇన్‌స్పెక్టరుగారికి కూడా ఒకటి ఇవ్వబోయాడు! నేను స్తంభం చాటుకు పోయాను. ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి పట్టుకునేసరికి కేళు మామ "చదువుకున్నవాళ్లు, పేపరు చూడరా? బీడీకి వర్తించదని కణారన్న చదివాడు" అన్నాడు.

"ఎవడా కణారన్?"

"కణారన్న తెలీదా? మా షెడ్డులో పేపరు చదివేది ఆయనే!" అంటూ మీ పేరు, ఇంటి పేరు, షెడ్డు ఎక్కడుందో, ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో, అన్నీ విడమర్చి చెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారు రాసుకున్నారు. తర్వాత కేళు మామ స్తంభం వైపు తిరిగి నన్ను చూసి "ఒరే పవిత్రా! నువ్విక్కడే ఉన్నావా!" అని కౌగలించుకున్నాడు. జరిమానా నేనే కట్టాను.

కోర్టు తీర్పు మీద పుకార్లు పుట్టిస్తున్న మనిషెవడో వెళ్లి విచారించి రమ్మని ఉత్తర్వు ఇచ్చారు. ఎవరికనుకున్నారు? "నీది ఆ ఊరే కదా" అని నాకే. వచ్చే శనివారం వస్తున్నాను. మీ మీద నేను రిపోర్టు రాయాలి మామయ్యా. నిజం రాస్తే మీకు ముప్పు, రాయకపోతే నా ఉద్యోగానికి ముప్పు. రీజ ఏడుస్తోంది. అమ్మకు ఇంకా చెప్పలేదు. నేను వచ్చేలోగా షెడ్డులో నిజం చెప్పేయండి. "తప్పు దిద్దుకున్నారు" అని రాసుకునే వీలైనా ఉంటుంది.

మీ మేనల్లుడు,
పవిత్రన్

తా.క.: ఇన్‌స్పెక్టరుగారు ఒక పొట్లం ఉప్పేరి తిని, రెండో పొట్లం కూడా సాక్ష్యం కింద ఉంచుకున్నారు.

*

కన్నూరు,
మంగళవారం.

చిరంజీవి పవిత్రన్‌కు,

ఈ వంకర అక్షరాలు చూసి నవ్వుకోకు.

నన్ను అరెస్టు చెయ్యి. దాంట్లో ఆలోచించడానికేమీ లేదు. పోరాటాల్లో వెళ్లిన జైలే, కొత్త కాదు. కానీ అప్పుడు నిజం చెప్పి వెళ్లాను. ఇప్పుడు అబద్ధం చదివి వెళ్లాలి. ఆ సిగ్గు చంపేస్తోంది. ఒక్క కోరిక. షెడ్డులో వాళ్ల ముందు పట్టుకోకు. మా ఇంటి అరుగు మీద పట్టుకో. అరుగు బహిరంగ ప్రదేశం కిందకి వస్తుందా రాదా? వస్తే వంటింట్లో పట్టుకో.

గురువారం అంతా చెప్పేస్తాను. ఆ పాత పేపరు పెట్టెలోంచి తీసి పెట్టుకున్నాను. తీర్పు మొత్తం మొదటి అక్షరం నుంచి చదువుతాను. తర్వాత వాళ్లు నన్ను పీట మీంచి దించేసినా సరే. ఇన్నేళ్లు ఆ పీట తప్ప నాకు వేరే ఇల్లు లేదురా. అదే భయం.

ఇట్లు,
మామయ్య కణారన్

తా.క.: బేడీలు సంచిలో అడుగున పెట్టుకుని రా. పైన అరటిపళ్లు పెట్టు. ఎవరైనా అడిగితే మామయ్యకు తెచ్చానని చెప్పు, అబద్ధం కూడా కాదు.

*

కన్నూరు,
గురువారం సాయంత్రం, వాన తెరిపిచ్చింది.

చిరంజీవి పవిత్రన్‌కు,

ఈ ఉత్తరం ఎర్నాకుళం వెళ్లే సుకుమారన్ చేతికిచ్చి పంపిస్తున్నాను. నువ్వు బయలుదేరే ముందే అందాలి. బేడీలు వద్దు. అరటిపళ్లు చాలు.

పొద్దున పీట ఎక్కి పాత పేపరు విప్పాను. తీర్పు మొత్తం చదివాను. "ఇది ఆ రోజునే చదవాల్సింది. బీడీకీ వర్తిస్తుంది. శాస్త్రవేత్తా లేడు, కొబ్బరి పురుగూ లేదు. మీకు అబద్ధం చదివాను" అన్నాను. కళ్లు మూసుకున్నాను. ఏదైనా విసురుతారనుకున్నాను. కత్తెర చప్పుళ్లు ఆగలేదు.

కళ్లు తెరిచేసరికి కౌసు ఆకు కత్తిరిస్తూనే "ఆ వార్త మేం ఆ రోజు పొద్దున్నే రాఘవన్ టీ కొట్లో చదివే వచ్చాంలే అన్నా" అంది. "ఈ ఊళ్లో పేపరు చదవడం రాని వాడెవడు? చదవలేకా నీచేత చదివిస్తున్నాం? నువ్వు చదివితే వినాలని."

"మరి ఇన్నాళ్లూ నోరెత్తలేదేం?" అన్నాను.

"నీ మొహం పాలిపోయింది. గుండె ఆగిపోతుందేమోనని హడలిపోయాం. తర్వాత నువ్వే కుదుటపడ్డావు. ఆ శాస్త్రవేత్త కూడా బాగానే ఉన్నాడు. ఆయన పెళ్లి ఎప్పుడు చేస్తావా అని మా అమ్మాయి రోజూ అడుగుతోంది."

కేళును కాలరు పట్టుకుని అడిగాను. తెలిసి తెలిసి ఎందుకు కాల్చావురా అంటే, "దారి పొడుగునా కాలుస్తానన్నది నీ మనసు కోసం. రైల్లో అంతసేపు ఆపుకున్నాను, దిగాక ఆగలేకపోయానన్నా. పట్టుబడ్డవాడు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎర్నాకుళంలో నాకింకెవరి పేరు తెలుసు?" అన్నాడు.

కాబట్టి నీ రిపోర్టులో ఇలా రాయి: పుకారును ఒక్కరు కూడా నమ్మలేదు. నమ్మినవాడే లేనిది పుకారెలా అవుతుంది?

ఇంతటితో అయిపోతే నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాణ్నే. అప్పుడు కౌసు కత్తెర పక్కన పెట్టింది. "మేమూ నీ దగ్గర ఒకటి దాచాం అన్నా" అంది. బీడీ పని తగ్గుతుందని మా షెడ్డు నడిపే సంఘం గొడుగుల పని మొదలుపెడుతోందట. వీళ్లంతా సాయంత్రాలు వెళ్లి నేర్చుకుంటున్నారు. కుట్టు మిషన్లు కూడా వచ్చేశాయి. నాకు తప్ప అందరికీ తెలుసు. "అన్ని మిషన్లు తిరుగుతుంటే నీ గొంతు ఎవరికి వినపడుతుంది? ఇక పేపరు అక్కర్లేదని నీకెలా చెప్పాలో తెలీక చస్తున్నాం" అని ఏడ్చేసింది.

ఒరే పవిత్రా, నేను వాళ్ల పని పోతుందని భయపడి అబద్ధం చదివాను. వాళ్లు నా పని పోతుందని భయపడి దాన్ని విన్నారు. నేనూ ఏడ్చాను. పార్టీలో దానికి అభ్యంతరం లేదు.

చివరికి కేళు తేల్చాడు. కుట్టిన ప్రతి గొడుగూ నేను తెరిచి చిల్లులున్నాయో లేవో చూడాలి. మధ్యాహ్నం మిషన్లు ఆపుకుని అందరూ పేపరు వింటారు. ముందు నిజం చదవాలి. టైముంటే తర్వాత శాస్త్రవేత్త.

శనివారం రీజను కూడా తీసుకురా. బస్సులో ఎవడైనా ముట్టిస్తే మొహమాటపడకు, పట్టుకో. కేళునైనా సరే.

ఇట్లు,
మామయ్య కణారన్

తా.క.: కౌసు కుట్టిన మొదటి గొడుగు నా ముందే ఉంది. పసిపిల్లలకు పట్టేంత చిన్నది, ఎర్రది. మీ బిడ్డ కోసమట. చిల్లులున్నాయేమో చూద్దామని అరుగు మీద దాన్ని తెరిచి కింద కూర్చున్నాను. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది, బీడీ తీశాను. మీ అత్తయ్య దగ్గు గుర్తొచ్చింది. అరుగు బహిరంగ ప్రదేశమో కాదో నువ్వింకా రాయనే లేదు. ఇక రాయక్కర్లేదు, బీడీ మళ్లీ జేబులో పెట్టేశాను.