మూడో అర్థం కింద నా వాక్యం

నాన్నకి, నీ చిన్నది రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ అల్లుడి మోకాలి నొప్పి కూడా క్షేమంగానే ఉంది. నీ కళ్లు ఎలా ఉన్నాయి?

నిఘంటువు అందిందా అని అడిగావు. అందింది. పన్నెండేళ్ల నీ చాకిరీ ఒంటిచేత్తో లేవలేదు. ముందు ఏ మాట చూశావో రాయమన్నావు కదా. ‘తేరుకొను’ చూశాను. ఒకటి, బురదనీళ్లు తేటపడటం. రెండు, స్పృహ తప్పినవాళ్లకి తెలివి రావడం. మూడు, దెబ్బతిన్న మనిషి మళ్లీ బతుకులో పడటం. దాని కింద ఉదాహరణ: “పాప పోయిన మూడు నెలలకి తేరుకున్నాను, నా గురించి బెంగపడకు.”

అది నేను నీకు రాసిన ఉత్తరంలోది నాన్నా.

చిన్నప్పుడు అక్కా నేనూ జుట్లు పట్టుకుంటే విడదీసేవాడివి కాదు, మా తిట్లు చీటీల మీద రాసుకుని చెప్పుల డబ్బాల్లో దాచుకునేవాడివి. అమ్మ తల బాదుకునేది, మేం నవ్వుకునేవాళ్లం. కానీ ఇది నా కడుపుకోత. దాన్ని చెప్పుల డబ్బాలో అక్షరక్రమంలో సర్దడానికి నీకు చేతులెలా వచ్చాయి? నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?

అక్కకి ఫోన్ చేస్తే, “నీ పేరు వెయ్యలేదు కదే, ఎవరికి తెలుస్తుంది?” అంది. నాకు తెలుస్తుంది అన్నాను.

కుండీలో మొక్క సంగతి అడిగావు. మొన్న వాడిపోయింది, నీళ్లు పోస్తే సాయంత్రానికి తేరుకుంది. కావాలంటే ఆ వాక్యం వాడుకో. మొక్క ఏమీ అనుకోదు.

ఇన్నాళ్లూ దాచిన మాట ఒకటుంది. నేను రాసింది అబద్ధం. అప్పటికి వారంలో నీకు గుండె ఆపరేషన్ ఉంది, బెంగపెట్టుకుంటావని అలా రాశాను. నాలుగేళ్లయినా పాప గది తలుపు నేను తియ్యలేదు. లోపల దుమ్ము దులిపేది కూడా నీ అల్లుడే. ముగ్గురి నోట వింటే గాని ఏ మాటనీ పుస్తకంలోకి రానివ్వవే, మరి నా మాటకి రెండో మనిషిని ఎందుకు అడగలేదు? తేరుకున్నానంటే నీకు హాయిగా ఉంది, నమ్మేశావు. అచ్చు వేసినదానికన్నా అదే నాకు ఎక్కువ నొప్పి.

మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ వాక్యం తీసెయ్యి. అది రాసుకున్న చీటీ పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా. పాప గదిలోనే నీకు పక్క. తలుపు మాత్రం నువ్వు తియ్యాలి.

ఇట్లు,
ఇంకా తేరుకోని
నీ చిన్నది