నల్ల పెళ్లికూతుర్ని ఓడించే పద్ధతి

అన్నయ్యా,

ఉద్యోగం రాలేదన్న దిగులుతో నేను గదిలో తలుపేసుకుని కూర్చున్నానని బాబాయికి చెప్పావట. "దెయ్యాలతో కాపురం పెట్టింది" అని వదిన నవ్విందట. అది దిగులు కాదు, పని.

కాలేజీ రోజుల్లో నువ్వు "దీన్ని ఎవడూ గెలవలేడు" అని రిమోట్ విసిరికొట్టిన ఆ పాత దెయ్యాలకోట గేమ్ గుర్తుందా? అందులో చివరి బాస్, అంటే ఆఖర్న ఎదురయ్యే పెద్ద దెయ్యం, నల్ల పెళ్లికూతుర్ని ఓడించాను. ఆమె కేక పెట్టగానే నువ్వు తలుపు వైపు పరిగెత్తేవాడివి. పైనున్న దీపాల గుత్తి పడేది సరిగ్గా అక్కడే. పారిపోకుండా ఆమె కాళ్ల దగ్గరే వంగి కూర్చోవాలి. ఆమె విసిరిన కొడవలి మన తలమీదుగా పోయి గోడలో దిగబడుతుంది. దాన్ని ఆమె పీక్కునేలోపు రెండు దెబ్బలు వేసి వెనక్కి వచ్చెయ్యాలి. మూడోదానికి ఆశపడితే చచ్చినట్టే.

ఇలా ఆ కోటలో ప్రతి బాస్ గుట్టూ రాసి నెట్‌లో పెట్టాను. ఆ గేమ్‌ని కొత్తగా తయారుచేస్తున్న కంపెనీవాళ్లు అది చదివి పిలిచారు. ఈసారి నాకు కూడా చిక్కని పెళ్లికూతుర్ని నేనే తయారుచెయ్యాలట.

మీ మేనేజర్ని బతిమాలి నువ్వు ఇప్పించిన సోమవారం ఇంటర్వ్యూకి నేను రావడం లేదు. ఆ రోజే ఈ గేమ్ కంపెనీలో చేరుతున్నాను.

నీ చెల్లి